తెల్లజుట్టు పిల్లకు పూలదండ

గుడియాత్తంలో కొత్తగా లేచే గోడ ఏదైనా పాపాతవ్వ చేతి నీళ్ళు తాగవలసిందే. నలభై ఏళ్ళు సిమెంటు తట్టలు మోసి, మోకాళ్ళు మొరాయించాక, కట్టిన గోడలను తడిపే పనికి దిగింది. పొద్దున్నే పైపు పట్టుకుని నిలబడితే పసిబిడ్డకు నీళ్ళు పోస్తున్నట్టు తడుపుతుంది, తడిపినంతసేపూ గోడతో మాట్లాడుతుంది. మనుషులతోనూ అంతే మాట్లాడుతుంది. గోడలు ఎదురు చెప్పవు, అదొక్కటే తేడా.

ఆమెకు తెలుగు చదవడం రాదు, అరవం చదవడమూ రాదు. బస్సులను రంగు చూసి గుర్తుపడుతుంది. మనవడు గోకుల్ బాగున్నాడో లేదో కంచం చూసి చెప్పేస్తుంది. ఇరవై ఏళ్ళ వాడు, ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాడు, పని నుంచి రాగానే మూడు సంగటి ముద్దలు లాగిస్తాడు. అలాంటివాడు రెండు రోజులుగా ముద్దలో వేలితో గుంట చేసి, పులుసు పోసుకుని, ఆ చెరువును చూస్తూ కూర్చుని, లేచిపోతున్నాడు.

వాడి కష్టం ఇదీ. కంప్యూటర్‌లో ఆడే ఆట ఒకటుంది, పేరు ‘బూడిద కోట’. దయ్యాలు, శాపాలు, కూలిన బురుజులు, ఎప్పుడూ తెల్లవారని ఆకాశం. ఆడేవాడు ఏ మాటంటే, ఏ దారి పడితే కథ అటు తిరుగుతుంది. తొమ్మిదేళ్ళలో మూడు భాగాలు వచ్చాయి. మూడింటిలోనూ ఆడేవాడి పక్కనే నడిచే తెల్లజుట్టు పిల్ల సెవ్రిన్. మూడో భాగం చివర, ఎక్కువమంది ఆటలో ఆ పిల్ల చచ్చిపోతుంది. ఆ వారం వేలూరు చుట్టుపక్కల నలభై ఇళ్ళలో కంచాల్లో అన్నం మిగిలిపోయింది.

పాపాతవ్వకు ఆట సంగతి తెలియదు. ఆమె చూసింది బస్టాండు గోడకు కట్టిన ఫ్లెక్సు. ఎవరు పోయినా ఆ ఊళ్ళో బస్టాండు దగ్గర ఫ్లెక్సు కడతారు; పెద్ద ఫోటో, పుట్టిన ఏడు, పోయిన ఏడు, పక్కన కన్నీళ్ళు కారుస్తున్న కళ్ళ బొమ్మ. గోకుల్ స్నేహితుడు చిన్నమణి ఫ్లెక్సు కొట్లో పనిచేస్తాడు. సెవ్రిన్‌కు కూడా ఆ మర్యాద తగ్గకూడదని మిగిలిపోయిన గుడ్డ మీద ఒకటి అచ్చేసి కట్టేశాడు.

అవ్వ ఫ్లెక్సు ముందు ఆగి, పూలమ్మే పొన్నమ్మను పిలిచింది.

“ఎవురే ఈ బిడ్డ? ఏమని రాసుండారో చదువు.”

“కన్నీర్ అంజలి అని ఉండాది అక్కా. పేరు సెవ్రిన్ అంట. రెండువేల పదహారులో పుట్టి, ఇరవై అయిదులో పోయిందంట.”

“తొమ్మిదేండ్ల బిడ్డా ఇది? పెండ్లయి ముగ్గుర్ని కన్నట్ల ఉండాది!”

“జుట్టు కూడా నెరిసిపోయుండాదే. ఏం రోగమో పాపం. ఆదివారం పదిగంటలకి వేలూరులో కూడతారంట. కాట్పాడి రోడ్డులో మందులషాపు మేడమీద.”

అవ్వకు ఆ ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది. నాలుగడుగులు వేశాక తట్టింది: గోకుల్ సెల్‌ఫోను తెరిస్తే మొదట కనబడేది ఈ పిల్లే. ఎవరో సినిమా పిల్ల అనుకుంది ఇన్నాళ్ళూ.

‘అయితే ఇదన్నమాట సంగతి,’ అనుకుంది. ‘ప్రేమించిన పిల్ల పోతే ముద్ద ఎట్ల దిగుతాది?’

ఆ మాట నిజమైనా బాగుండేది. శనివారం మధ్యాహ్నం ఇంటి పక్క కొత్త గోడ తడుపుతుంటే, మిద్దె మీద గోకుల్ ఫోనులో మాట్లాడుతున్నాడు.

“రేయ్ చిన్నమణీ, చంపింది నేనే రా. రెండు దారులుండె. ఎవురూ బలవంతం చెయ్యలే. కత్తి నా చేతిలోనే ఉండె. నన్ను చూస్తానే పోయింది రా ఆ పిల్ల. ఇంగ అన్నం ఎట్ల తినేది?”

నీళ్ళు గోడ దాటి పక్కవాళ్ళు ఆరబోసిన మిరపపళ్ళ మీద పడుతున్నాయి. పక్కావిడ అరుస్తోంది. అవ్వకు వినబడలేదు.

బొద్దింకను కొట్టమంటే చీపురు తెచ్చి అవ్వ చేతికిచ్చే పిరికివాడు, వీడు కత్తి పట్టాడా? కోడిని కోస్తుంటే వీధి చివరిదాకా పరుగెత్తేవాడు! కానీ తన చెవులతో తనే వింది. కొడుకుకు చెబుదామంటే, వాడు ముందు కొట్టి తర్వాత అడిగే రకం. పోలీసులు రాకముందే తనే చెయ్యవలసింది ఒకటుంది. అవ్వ కులంలో ఇలాంటి తప్పు జరిగితే ఇంటి పెద్ద పూలదండ తీసుకుని చావింటికి పోయి, అందరి ముందూ ఒప్పుకుని, పోయినవాళ్ళ తల్లి కాళ్ళ మీద పడాలి. ఆ తర్వాత ఆ తల్లి ఏమంటే అది.

ఆదివారం గోకుల్ నల్లచొక్కా వేసుకుని “ఫ్రెండింటికి” అని వెళ్ళాడు. అవ్వ పొన్నమ్మ దగ్గర చామంతి దండ కట్టించుకుని, ఎర్రబస్సెక్కి వేలూరులో దిగింది. మందులషాపు మేడను చూడగానే గుర్తుపట్టింది. ఆ మెట్లకు సిమెంటు మోసింది తనే. మూడో మెట్టు ఎత్తెక్కువ. మేస్త్రి ఆరోజు తాగి వచ్చాడు. ఇప్పుడు అదే మెట్టు మీద మోకాలు పట్టేసింది. మేస్త్రిని ఒక తిట్టు తిట్టి పైకెక్కింది.

హాలు నిండా నల్లచొక్కాలు. ముందు ఆ పిల్ల నిలువెత్తు ఫోటో, దీపం. కానీ ఇదేం చావిల్లో అర్థం కాలేదు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, పోట్లాడేవాళ్ళు పోట్లాడుతున్నారు.

“మొదటి రెండు భాగాలు చేసినోళ్ళు దేవుళ్ళు. ఈ మూడోది చేసినోళ్ళకి బుర్రే లేదు!”

“అట్ల చచ్చిపోతేనే కథకి అందం రా!”

“నాలుగో దాంట్లో లేచొస్తాది చూడండి.”

లేచి రావడమేమిటి? అవ్వ గోడ పట్టుకుని, కాటుక కారిపోయిన ఒక కాలేజీ పిల్ల దగ్గరికి జరిగింది. ఆ పిల్ల పేరు శృతి, నెమిలి అనే ఊరి నుంచి వచ్చింది, ఇంట్లో మాట్లాడేది తెలుగే.

“తల్లీ, ఈ బిడ్డ అమ్మ యాడుండాది?”

శృతి కళ్ళు తుడుచుకుంది. “అమ్మ లేదు అవ్వా. పుట్టినప్పుడే పోయింది.”

“నాయన?”

“నాయనే ఈమెని దయ్యానికి ఇచ్చేసినాడు. ఆయన రెండో భాగంలో రాయైపోయినాడు.”

తండ్రి రాయైన ఇంట్లో పిల్లను తన మనవడు పొడిచాడు. ఇక కాళ్ళ మీద పడటానికి కూడా ఎవరూ లేరు. అంతలో హాలు మూలలో తెరకు వైర్లు కలుపుతున్న గోకుల్ తల ఎత్తాడు.

“అవ్వా! నువ్వు యాడికొచ్చినావు?”

అవ్వ వాడి మెడ పట్టుకుని ఫోటో ముందుకు తోసింది. నలభై ఏళ్ళు తట్టలు మోసిన చెయ్యి. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు.

“అమ్మల్లారా, అయ్యల్లారా! ఈ బిడ్డని చంపింది వీడే. నా మనవడే. ఒప్పుకుంటాండాము. తెలీక చేసినాడు, చిన్నోడు. మీరేం చెయ్యమంటే అది చేస్తాము. జైలుకి మాత్రం పంపొద్దండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

చిన్నమణి నెమ్మదిగా చెయ్యెత్తాడు.

“అవ్వా, నేనూ చంపినాను.”

“నేను రెండుసార్లు అవ్వా,” అంది శృతి. “మొదటిసారి తెలీక. రెండోసారి ఏమంటాదో విందామని.”

“నేను చంపలే,” అన్నాడు జోలార్పేట నుంచి వచ్చిన బక్కపలచని అబ్బాయి, కాస్త గర్వంగా. “ఊరంతా తగలబెట్టేసినాను.”

పాపాతవ్వ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. గోకుల్ చెయ్యి గట్టిగా పట్టుకుని పైకి లేపి, వెనక్కి, వాకిలి వైపు, ఒక్కొక్క అడుగే వేసింది.

“నడువు రా నాయనా,” అంది గుసగుసగా. “ఇంటికి పోదాం పద. వీళ్ళంతా నీకంటే పెద్ద దొంగలు.”

ఆట సంగతి ఆమెకు చెప్పడానికి అరగంట పట్టింది. తెర మీద చూపించారు, ఫోనులో చూపించారు. అవ్వ కుర్చీలో కూర్చుని, దండ ఒళ్ళో పెట్టుకుని, అడిగిందే అడిగింది.

“అంటే ఈ బిడ్డ లేదా?”

“లేదవ్వా.”

“ఎప్పుడూ లేదా?”

“ఎప్పుడూ లేదు.”

“మరి నువ్వు సంగటి ఏంటికి తినలే?”

గోకుల్ తెర వైపు తిరిగి, బాగానే ఉన్న వైరును పీకి మళ్ళీ గుచ్చాడు.

“సరే, ఆ రెండో దారేంది?” అంది అవ్వ. “దాంట్లో ఈ బిడ్డ బతికేదా?”

“బతుకుతాది. కానీ కోట వాకిట్లో ఒక ముసిలామె ఉండాది. మూడు భాగాల్లోనూ నేను పోయినప్పుడంతా రొట్టె పెట్టింది. ఆ దారిలో పోతే ఆమె కాలిపోతాది.”

“అంటే ముసిల్దాని కోసరం వయసు బిడ్డని పొడిచినావా?”

“ఊ.”

“నీ బుర్రలో కాంక్రీటు పోసినారా? అది ఇంగెన్నాళ్ళుంటాది? రొట్టె ఎవురైనా పెడతారు! మళ్ళా ఆడు. ఈసారి ముసిల్దాన్ని కాలిపోనీ.”

హాలు మళ్ళీ రెండుగా చీలింది. అవ్వ చెప్పిందే న్యాయమని సగం మంది చప్పట్లు కొట్టారు. రొట్టె పెట్టిన చేతిని కాల్చమంటుందేమిటని మిగతా సగం లేచారు. పాపాతవ్వ ఎవరితోనూ రాజీ పడలేదు. ముసలివాళ్ళ తరఫున మాట్లాడే హక్కు ఆ హాల్లో తనొక్కతికే ఉందని తేల్చి చెప్పింది.

“అట్ల చెయ్యను అవ్వా,” అన్నాడు గోకుల్. నవ్వుతున్నాడు, మూడు రోజుల తర్వాత.

“ఏంటికి చెయ్యవు?”

“చెయ్యనంటే చెయ్యను.”

“మొండోడు, తాత పోలిక,” అని ఆమె లేచింది. చావుకని కట్టించిన దండ ఇంటికి తీసుకుపోకూడదు కనుక, లేని పిల్ల ఫోటోకే వేసింది. వేసేటప్పుడు ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. ‘ఎట్లున్నా ఆడబిడ్డ,’ అనుకుందో, ఇంకేమనుకుందో.

కింద కొట్లో గోకుల్ ఏడు పరోటాలు తిన్నాడు. అవ్వ ఎదురుగా కూర్చుని, ఏడో దాని దాకా కన్నార్పకుండా చూసింది.

గుడియాత్తం చేరేసరికి సాయంత్రమైంది. వేలూరులో ఎవరో పోయారని విని, కోడలు శశికళ పెరట్లో వేణ్ణీళ్ళు కాచి ఉంచింది.

“చావింటి నుంచి వస్తాండావు కదా అత్తా, నెత్తిన పోసుకుని లోపలికి రా.”

పాపాతవ్వ చెంబు పట్టుకుని నిలబడింది. చావు జరిగింది, నలభై మంది ఏడ్చారు, దీపం వెలిగింది, దండ పడింది. కానీ పోయిన మనిషి లేదు. లేని మనిషి పోతే మైల ఉంటుందా? పైగా నాలుగో భాగంలో లేచి వస్తుందని అంటున్నారు. రేపు లేచి వచ్చేదానికి ఈరోజు తలస్నానం చేస్తే అది అపశకునం కాదూ?

“ఏందత్తా, ఎవురు పోయినారు?” అంది కోడలు.

“ఇంగా తేల్లేదు,” అంది పాపాతవ్వ. చెంబుడు నీళ్ళు కాళ్ళ మీద మాత్రం పోసుకుని లోపలికి వెళ్ళింది.