పడగొట్టే గోడ కట్టనన్న మేస్త్రి

మా పెద్దనాన్న తాపీ మేస్త్రి. పట్నంలో ఆయన చేయి పడని వీధి లేదు. దారం పట్టి చూస్తే ఆయన కట్టిన గోడ వెంట్రుకవాసి కూడా వంగదు. మనిషీ అంతే, ఒక మాట అన్నాడంటే వంగడు. ఆ గుణాన్ని ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మెప్పు వింటే ఒళ్లు మండుతుంది.

మాది పట్నం అంచున ఊరు. ఒక పక్క కూరగాయల మడులు, ఇంకో పక్క కొత్త ప్లాట్లు, మధ్యలో సిటీ బస్సు వెనక్కి తిరిగే చోటు. ఒకరోజు ఆటోలో మైకు వచ్చింది. ఇక్కడ విమానాశ్రయం వస్తుందట, ఎవరూ కొత్తగా ఏమీ కట్టకూడదట, ఉన్నదాన్ని పెంచకూడదట. రెండేళ్లన్నారు. ఆ రెండేళ్లు సాగి సాగి పంతొమ్మిదయ్యాయి. రోడ్డు వెయ్యమంటే, రేపో మాపో పోయే ఊరికి రోడ్డెందుకన్నారు. బడికి టీచరును అడిగినా అదే జవాబు. జరుగుబాటు ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం కారే కప్పుల కింద గిన్నెలు పెట్టుకుని విమానాల కోసం ఎదురుచూశాం.

పెద్దనాన్న ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. మధ్యలో నాలుగు మెట్లు, వానొస్తే పాకుడు. మైకు వచ్చిన ఏడే పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

"మంచం పక్క గోడకి తలుపు పెట్టి, చిన్న బాత్రూమ్ కట్టండి. ఊరందరికీ కడతారు కదా" అంది.

"కడితే కొట్టేస్తారే. ఎక్కడికి పంపిస్తే అక్కడ మహారాణికి కట్టినట్టు కడతా నీకు" అన్నాడు ఆయన.

ఈలోగా ఊరు తెలివి మీరింది. పక్కింటాయన వచ్చి అడిగాడు. "మేస్త్రీ, పెరట్లో రెండు గదులు లేపెయ్. కొలతలకొచ్చినోళ్లకి గదుల్లా కనిపిస్తే చాలు, పరిహారం పెరుగుద్ది. సిమెంటు పెద్దగా అక్కర్లేదు."

"పడగొట్టడానికి నేను గోడ కట్టను" అన్నాడు పెద్దనాన్న. వేరే మేస్త్రి వచ్చి కట్టాడు. అధికారులు చూశారు, రాసుకున్నారు, టీ తాగి వెళ్లారు. ఒక్క ఇటుక కూడా ఎవరూ కదపలేదు. చివరికి ఊళ్లో అదనపు గది లేని ఇల్లు మేస్త్రిదే. పెద్దమ్మ ఏటా అడిగింది, తర్వాత అడగడం మానేసింది. ఆవిడ ఊరుకుందంటే సర్దుకుందని ఆయన అనుకున్నాడు.

పద్దెనిమిదో ఏడు, ముసురు పట్టిన ఒక ఉదయం ఆవిడ మెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ ఆవిడ మళ్లీ నడవలేదు.

మరుసటి ఏడు, విమానాశ్రయం వేరే దిక్కుకు మార్చారని పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. వస్తుందని చెప్పడానికి మైకు పంపినవాళ్లు, రాదని చెప్పడానికి మనిషిని కూడా పంపలేదు.

ఆ సాయంత్రమే పెద్దనాన్న ఇటుకలు దింపించాడు. కూలీలను పెట్టుకోలేదు, అంతా తనే చేశాడు. కాలు జారని గరుకు టైల్స్, నీళ్లు నిలవకుండా వాలు, రెండు పక్కలా పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు. ఇంత మంచి పని ఆయన ఏ మేడలోనూ చేసి ఉండడు. పెద్దమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

పని పూర్తయ్యాక నేను ఆవిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. గోడ తడిమింది, కడ్డీ పట్టుకుని చూసింది.

"ఎన్నాళ్లు పట్టిందండీ?"

"పదకొండు రోజులు" అన్నాడు ఆయన, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

"పదకొండు రోజుల పనికి పద్దెనిమిదేళ్లు నడిపించారు నన్ను" అంది పెద్దమ్మ.

కుర్చీ తిప్పడానికి ఆయన ముందుకు వచ్చాడు. ఆవిడ నా చేయి పట్టుకుని, మంచం దగ్గరికి తీసుకెళ్లమంది.