బొట్టు పెట్టి పిలవని పిశాచం

ఒక రక్తపిశాచం అలిగి ఎదురింటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం, దాన్ని బతిమాలడానికి షూటింగ్ యూనిట్ మొత్తం వీధి దాటి వెళ్లడం ప్రపంచంలో ఒక్కసారే జరిగి ఉంటుంది. అది చందానగర్‌లో జరిగింది, నా మూలంగా జరిగింది. ఆ రోజు నాకు జరిగిన నష్టం ఇంకా పూడలేదు. నా కోపమూ తగ్గలేదు. అంతా చెప్తాను, మీరే తీర్పు చెప్పండి. తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చేటట్టుంటే మాత్రం దయచేసి మీ మనసులోనే ఉంచుకోండి.

అప్పట్లో నేను బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, రాయదుర్గంలో ఓ గాజు భవనంలో, టీవీ సిరీస్‌లు తీసే కంపెనీలో జూనియర్ రచయితగా చేరాను. జూనియర్ రచయిత అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. సీనియర్లు బోర్డు మీద రాసింది తుడిచే మనిషి. తెరమీద 'కథ: మౌనిక' అని ఒక్కసారి పడితే చాలు, ఆ తర్వాత ఏమైపోయినా ఫరవాలేదు అనుకునేదాన్ని. మా అమ్మ అయితే అది పడకముందే హఫీజ్‌పేట్‌లో మా కాలనీ అంతా చెప్పేసుకుంది.

మా టీమ్ దర్శకుడు కిరీటి గారిది భీమవరం వైపు. ఎంత కోపమొచ్చినా 'అండి' వదలని మనిషి. ఆయన తిట్లు తింటే పెళ్లిపిలుపు అందుకున్నట్టుండేది. మా కంపెనీ ఆ ఏడాది భయపెట్టే సిరీస్ ఒక్కటే తీస్తానంది. వరండాకి అటువైపు గదిలో ఇంకో టీమ్ తోడేలు మనిషి కథ తయారు చేస్తోంది. మాకు పడింది వాంపైర్, అంటే రక్తపిశాచం. ఏ టీమ్ మొదటి ఎపిసోడ్ ముందు పూర్తయి బాగుంటే ఆ సిరీస్ ఉంటుంది, రెండోది చెత్తబుట్టలోకి పోతుంది.

"మనకి వాంపైర్ కావాలండి. కానీ విదేశాల వాళ్ల వాంపైర్ వద్దండి. మన వాంపైర్ కావాలండి," అని కిరీటి గారు రోజూ పొద్దున్నే మాకు చెప్పేవారు.

నాకు ఒళ్లు మండిపోయేది. విదేశీ సిరీస్‌లన్నీ చూసి వాంపైర్ నియమాలు కంఠతా పట్టాను. ఒక్కటీ మనకి పనికిరాదు. అది వెల్లుల్లికి భయపడుతుందట. వెల్లుల్లికారం లేనిదే ముద్ద దిగని ఇళ్ల మధ్య అది ఒక్క పూట బతుకుతుందా? శవపేటికలో పడుకుంటుందట. కిరాయి ఇంట్లో డబుల్ కాట్ పట్టడానికే చోటుండదు, శవపేటిక ఎక్కడ పెడతారు? ఎండ తగిలితే బూడిదవుతుందట. మే నెలలో మాదాపూర్ సిగ్నల్ దగ్గర ఎవరైనా బూడిదవుతారు, దానికి పిశాచమే కానక్కర్లేదు.

ఒక్క నియమం దగ్గర మాత్రం ఆగిపోయాను. పిలవనిదే వాంపైర్ ఎవరి ఇంటి గడపా దాటలేదు. ఇదేదో పెద్ద విడ్డూరమన్నట్టు వాళ్లు ఎపిసోడ్లకి ఎపిసోడ్లు తీశారు. ఇందులో విడ్డూరమేముంది? మా అండాలు అత్త అంతే కదా.

అండాలు అత్త మా నాన్నకి అక్క. చందానగర్‌లో మార్కెట్ వెనక వీధిలో సొంత ఇల్లు. శుభకార్యమైనా పేరంటమైనా, ఆ ఇంటి ఆడవాళ్లు స్వయంగా వచ్చి, కుంకుమ భరిణ తీసి, నుదుట బొట్టు పెట్టి, "మా ఇంటికి రావాలె" అని నోరు తెరిచి అంటేనే ఆమె కదులుతుంది. ఒకసారి దగ్గరి చుట్టాల పెళ్లికార్డు పోస్టులో వచ్చింది. దానిమీద చింతపండు ఆరబెట్టింది. వాట్సాప్‌లో వచ్చే శుభలేఖలు తెరిచి నీలం గీతలు పడనిస్తుంది. చూసి కూడా రాలేదని వాళ్లకి తెలియాలిగా మరి.

రాత్రికి రాత్రే కథ అల్లేశాను. ఒక ముత్తైదువ పిశాచం. పట్టుచీర, ముక్కుపుడక, చేతిలో గొడుగు. బొట్టు పెట్టి పిలవనిదే ఏ ఇంట్లోకీ రాలేదు. ఈ కాలంలో అందరూ ఫోన్లలోనే పిలుస్తుండడంతో పాపం ఏళ్ల తరబడి పస్తులుంటోంది. చివరికి సంప్రదాయం తెలిసిన ఒక అమాయకపు కొత్తకోడలు ఎదురెళ్లి బొట్టు పెట్టి పిలుస్తుంది. అది వచ్చి సోఫాలో కూర్చుంటుంది. వెంటనే కొరకదు. ముందు ప్రశ్నలు అడుగుతుంది. జీతమెంత, పిల్లలెప్పుడు, ఈ కర్టెన్లు ఎవరు కొన్నారు. కోడలు సగం అక్కడే పాలిపోతుంది.

కిరీటి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదండీ మన వాంపైర్," అన్నారు. కథకింద నా పేరే వేస్తానని అందరిముందూ మాటిచ్చారు.

మరి అత్తకి చెప్పావా అని మీరు అడుగుతారు. ఎందుకు చెప్పాలి? రచయితలు మనుషుల్ని చూసి రాస్తారు గానీ అనుమతులు అడుగుతూ తిరుగుతారా? ఇదీ అప్పటి నా తెలివి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది.

షూటింగ్‌కి చెక్క గడప ఉన్న ఇల్లు కావాల్సి వచ్చింది. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లన్నీ తిరిగాం. అక్కడ గడప అంటే అంగుళం ఎత్తు పాలరాయి పట్టీ, దాన్ని దాటలేని పిశాచాన్ని చూస్తే పిల్లలు కూడా నవ్వుతారు. చివరికి కిరీటి గారిని నేనే తీసుకెళ్లి అత్త ఇల్లు చూపించాను. పసుపు రాసిన నిలువెత్తు గుమ్మం చూసి ఆయన పరవశించిపోయి బూట్లతోనే లోపలికి అడుగేశారు. అత్త ఆయన మొహం చూసింది, బూట్లు చూసింది, మళ్లీ మొహం చూసింది. ఆయన వెనక్కి నడిచి వీధిలోకి వెళ్లిపోయారు.

"పిశాచం వేషానికి ఇంకెవర్నీ వెతకక్కర్లేదండి," అన్నారు బయట నాతో, చెమట తుడుచుకుంటూ.

అత్త ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. వేషానికీ ఒప్పుకుంది. ఏం వేషమని అడిగితే, పెద్ద ముత్తైదువ వేషమనీ, అందరూ కాళ్లకి మొక్కుతారనీ చెప్పాను. అందులో అబద్ధమేముంది? మిగతాది చెప్పలేదంతే. వారం తిరక్కుండా మేకప్ అతను వచ్చి కోరల కోసం ఆమె పళ్ల అచ్చు తీసుకున్నాడు. పళ్లెందుకే అని అడిగింది. దగ్గర్నుంచి తీసేటప్పుడు మెరవడానికి అన్నాను. అత్త నావైపు కాసేపు చూసి, పోయి చాయ్ పెట్టింది. పాపం నమ్మేసింది అనుకున్నాను.

ఇక అసలు ఘనకార్యం. షూటింగ్ రేపనగా, అత్తకి కబురు చెప్పే పని నాకు అప్పగించారు. బస్సెక్కితే చందానగర్ ఎంతసేపు? నేను కదల్లేదు. 'అత్తా, రేపు పొద్దున్నే షూటింగ్, రెడీగా ఉండు' అని వాట్సాప్‌లో పెట్టి, పక్కన గులాబీ బొమ్మ తగిలించాను. నీలం గీతలు పడ్డాయి. ముత్తైదువ పిశాచం ఫోను పిలుపుకి చచ్చినా రాదని నా చేత్తో రాసి, అందుకు చప్పట్లు కొట్టించుకుని, ఆ పిశాచం ఎవరిని చూసి పుట్టిందో ఆ మనిషికే వాట్సాప్ పెట్టిన మొనగత్తెని నేను.

పొద్దున వెళ్లేసరికి మామయ్య తలుపు తీశాడు. అత్తేదని అడిగితే చేత్తో ఎదురింటివైపు చూపించి, పేపరు వెనక దాక్కున్నాడు. అత్త ఎదురింటి వరండాలో, మేమిచ్చిన పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. లైట్లు పెట్టారు. కోడలు వేషం వేసే అమ్మాయి తయారైంది. సాయంత్రం ఆ అమ్మాయి వేరే షూటింగ్‌కి వెళ్లిపోతుంది, మళ్లీ నెల దాకా దొరకదు. ఆ రోజు ఆ సీను అవకపోతే తోడేలు టీమ్ గెలిచినట్టే. నా పేరు చెత్తబుట్టలోకి పోయినట్టే.

అసిస్టెంట్లు గుమ్మంలోంచి రమ్మని పిలిచారు. ఆమె తల తిప్పలేదు. కిరీటి గారు స్వయంగా వెళ్లి చేతులు జోడించారు. ఆయనకి కుర్చీ వేయించి, చాయ్ ఇప్పించి, మొగవాళ్లు పిలిస్తే పేరంటానికి వచ్చే అలవాటు తమ ఇంటా వంటా లేదని మర్యాదగా చెప్పి పంపేసింది. అప్పుడు మేకప్ అమ్మాయికి మహా తెలివైన ఆలోచన వచ్చి, పరుగున వెళ్లి అత్త నుదుట స్టిక్కర్ బొట్టు అంటించింది. అత్త దాన్ని గోటితో తీసి కుర్చీ చేతికి అతికించి, ఆ కుర్చీనే పిలుచుకుపొమ్మంది.

నాకు నషాళానికంటింది. రోడ్డు దాటి వెళ్లాను.

"అత్తా, అది నీ ఇల్లే కదా. నీ ఇంట్లోకి నిన్ను పిలిచేదేంది?"

"ఇల్లు మీకిచ్చిన గద," అంది అత్త తాపీగా. "ఇచ్చినంక అది మీ ఇల్లు. మీ ఇంటికి పిలవకుండ నేనెట్ల వస్త?"

"మెసేజ్ పెట్టిన కదా."

"చూసిన. పువ్వు మంచిగున్నది."

అక్కడ నోరు మూసుకుని ఉంటే బాగుండేది. మూసుకుంటే నేనెందుకవుతాను? ఎండ ఎక్కుతోంది, అవతల అందరూ నావైపే చూస్తున్నారు. ఉక్రోషం పట్టలేక అనేశాను.

"కథల పిశాచం సుత గింత పరేషాన్ చెయ్యది అత్తా."

కిరీటి గారు కళ్లు మూసుకున్నారు. పిశాచం అనే మాట అత్త చెవిన పడకూడదని యూనిట్ అందరిచేతా ఒట్టు వేయించింది నేనే.

అత్త లేవలేదు, అరవలేదు. చీర కొంగు సర్దుకుంది.

"పండ్లకు అచ్చు తీస్కపోయిన నాడే సమజైంది బిడ్డా. నువ్వే చెప్తవేమోనని చూసిన. చెప్పకపోతివి."

నేను పరుగెత్తాను. అత్త పూజగదిలోంచి అత్త కుంకుమ భరిణే తెచ్చి, ఆమె ముందు వంగి, బొట్టు పెట్టడానికి చెయ్యి చాచాను. ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. నేను పుట్టి బుద్ధెరిగినంక పిలవకుండ ఒక్కరింట్ల కాలు పెట్టలె. నువ్వు నా మాట తీస్కపోయినవ్, నా నడక తీస్కపోయినవ్, నా మూతి తిప్పుడు సుత తీస్కపోయినవ్. ఒక్కపారి అడిగినవా? చెప్పకుండ పిలవకుండ నా బతుకులకు జొర్రినవ్. మరి కోరలు నాకు పెట్టాల్నా, నీకు పెట్టాల్నా?"

నిజం చెప్పాలంటే ఆ మాట సూటిగా తగిలింది. కోపంలో ఉన్నాను గాబట్టి అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడూ సగమే ఒప్పుకుంటున్నాను.

అంతలో వెనకనించి కిరీటి గారి గొంతు వినిపించింది. ఆనందంతో వణుకుతోంది. "ఇదండీ మలుపు. ఇదే కావాలండి."

ఆ మనిషి ద్రోహాన్ని ఈ జన్మలో మరిచిపోను. నడివీధిలో నిలబడి నా కథ మార్చేశారు. అత్త పిశాచం కాదు, ఆ ఇంటి పెద్దావిడ. పిశాచం చుట్టరికం కలుపుకుంటూ, పిలవకుండానే దూరే వయసు పిల్ల. ఆ వేషానికి మనిషిని వెతికే టైము లేదు. అందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు. అన్యాయమని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిందే అదనుగా మేకప్ అతను కోరలు తొడిగేశాడు. అవి అత్త కొలతకి చేసినవి. మూతి మూసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

అత్త ఇంకొక్క షరతు పెట్టింది. ఈ కథ తనది గాబట్టి తెరమీద తన పేరు పడాలంది. నేను కోరల మధ్యనుంచి ఏదో అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. కిరీటి గారు తప్పకుండానండి అన్నారు. ఆ తర్వాతే అత్త నా చేత బొట్టు పెట్టించుకుని, తన ఇంట్లోకి తాను చుట్టంలా నడిచి వెళ్లింది.

సీను ఏమిటంటే, పిలవకుండా గడప దాటి కోడలి దగ్గరికి చేరిన నన్ను పెద్దావిడ చీపురుతో కొట్టి తరమాలి. మొదటి టేకే బ్రహ్మాండంగా వచ్చింది. అయినా అత్త తృప్తి కోసం ఇంకోటి తీశారు.

సిరీస్ మాదే ఎంపికైంది. తోడేలు టీమ్ వాళ్లు వారంపాటు మాతో మాట్లాడలేదు. మొదటి ఎపిసోడ్ వచ్చే సాయంత్రం మా అమ్మ భరిణ పట్టుకుని కాలనీలో ఇంటింటికీ తిరిగి, తన కూతురు కథ రాసిందని బొట్టు పెట్టి మరీ అందరినీ పిలుచుకొచ్చింది. హాలు నిండిపోయింది. తెరమీద అక్షరాలు పడ్డాయి. 'కథ: అండాలు.' అమ్మ నావైపు చూసింది. ఆ వెంటనే ఇంకో వరుస పడింది. 'పిశాచం: మౌనిక.' కాలనీ అంతా చప్పట్లు కొట్టింది. చాలా సహజంగా చేశానని పక్కింటావిడ మా అమ్మ చెయ్యి పట్టుకుని మరీ మెచ్చుకుంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ అత్తనైనా, పిన్నినైనా, చివరికి దూరపు వదిననైనా సరే, ముందు వాళ్ల గడప బయట నిలబడి, పసుపు కుంకుమలిచ్చి, అడిగి, ఊ అన్నాకే కాగితం మీదికి తెస్తాను. లేదంటే నా రాతలన్నీ తోడేలు టీమ్ పాలైపోవాలి. ఇది రాసేముందు కూడా చందానగర్ వెళ్లి, అత్తకి బొట్టు పెట్టి, అంతా చదివి వినిపించాను. రాసుకొమ్మంది. కింద ఎవరి పేరు వేయాలో మాత్రం ఇంకా చెప్పలేదు.