యాభై శాతం నిర్దోషి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, విడిపోయాక కారు ఇన్సూరెన్స్ మార్చి చూడమని ఎందుకు అనలేదో నాకు తెలియదు. బహుశా వారి కాలంలో కారు ఉండి ఉండదు. ఉన్నా నాలాంటివాడి చేతిలో ఉండి ఉండదు. నేను చెప్పబోయేది ఒక మధ్యాహ్నం, అనంతపురం నడిబొడ్డున, నా పరువును నేనే శాస్త్రీయ పద్ధతిలో, సాక్షుల సమక్షంలో పాతిపెట్టిన ఉదంతం. నవ్వదలచినవారు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. నేను మాత్రం ఇది రాస్తూ ఇప్పటికే రెండుసార్లు లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

నేను బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో తేల్చే ప్రయోగశాలలో విశ్లేషకుడిని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింటు చూపేవారితో నేను చేసిన వాదాలకు కుందుర్పి మండలంలో ఇప్పటికీ పేరుంది. మా జిల్లాలో వాన పడుతోందంటే జనం చేతులెత్తి మొక్కుతారు, నేను "ఎన్ని మిల్లీమీటర్లు?" అంటాను. ఇలాంటి మనిషితో సునంద పదకొండేళ్లు కాపురం చేసింది. ఎందుకు విడిపోతున్నావమ్మా అని పెద్దమనుషులు అడిగితే ఆమె చెప్పింది ఒక్కటే మాట: "కూరలో ఉప్పు సరిపోయినాదా అంటే, 'దేనితో పోలిస్తే?' అంటాడన్నా."

పెద్దమనుషులు వెంటనే కాగితం, కలం తెమ్మన్నారు.

విడిపోయేటప్పుడు సునంద కోరినది ఒకే ఒక్క హామీ. "ఒకరి మీద ఒకరం నింద ఏసుకోవద్దు. బజార్లో ఎదురుపడితే మొగం తిప్పుకోకుండా పలకరించుకునేంత మర్యాదన్నా మిగలనీ." సరేనన్నాను. పదకొండేళ్ల కాపురంలో మా ఇద్దరికీ మిగిలినది ఆ మర్యాద ఒక్కటే. దాన్ని నేను ఎంతకాలం కాపాడానో మీరే లెక్కించుకోండి.

ఆమె పామిడి హైస్కూలులో టీచరు. రోజూ వెళ్లి రావాలి గనుక కారు ఆమెకు ఇచ్చి, రిజిస్ట్రేషను కూడా ఆమె పేరుకు మార్చాం. ఇక మిగిలింది ఇన్సూరెన్సు. మా ఏజెంటు ఓబులేసు ఒక కాగితం తెచ్చి ముందుంచాడు.

"ఈడ సంతకం పెట్టు సార్. ఐదేండ్లు క్లెయిమ్ ల్యాకుండా పాలసీ నీ పేరు మీద నడిచినాది కదా, దానికి యాభై శాతం తగ్గింపు ఉండాది. నో క్లెయిమ్ బోనస్. అది కారుతో పోదు సార్, మనిషితో ఉంటాది. పత్రం తెప్పిస్తా. రేప్పొద్దున నువ్వు ఇంకో కారు కొంటే ఆడ వాడుకో. మేడందేమో సున్నా నుంచి మొదలు."

"ఆధారం?" అన్నాను.

"దేనికి సార్?"

"ఇప్పుడు నీవు చెప్పినదానికి."

"ఇరవై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా సార్!"

"కొబ్బరికాయవాళ్లూ అదే అంటారు."

ఓబులేసు ఆ కాగితాన్ని చాలా మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను పాలసీ పుస్తకాన్ని చిన్న అక్షరాలతో సహా చదివాను. విడాకులు తీసుకున్న భార్యకు బోనస్ బదిలీ అవుతుందా, ఎందుకు కాదు, ఏ నియమం కింద కాదు అని కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. చివరికి ముద్రతో సహా జవాబు వచ్చింది. అందులో ఓబులేసు చెప్పిన ముక్కే ఉంది, కాస్త కఠినమైన భాషలో. ఈలోగా పాలసీ గడువు ముగిసి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ సునంద పామిడికి బస్సులో నిలబడి వెళ్లి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒప్పందం గుర్తున్నది ఆమెకే.

సిగ్గున్న మనిషి ఇక్కడ ఆగిపోతాడు. నేను ఆగలేదు.

ఆ ముద్ర చూశాక నాకు కొత్త ఆలోచన పుట్టింది. యాభై శాతమంటే కేవలం తగ్గింపు కాదు, నా నడవడికకు కంపెనీ ఇచ్చిన యోగ్యతాపత్రం! కనుక దాన్ని చరిత్రలో సరిగ్గా నమోదు చేయాలి. ఒక అంగీకార పత్రం తయారు చేశాను: 'గడచిన ఐదేళ్లలో ఈ వాహనం ఎటువంటి ప్రమాదానికీ గురికాకపోవడానికి ఏకైక కారణం నా మాజీ భర్త డ్రైవింగు క్రమశిక్షణ అని ఇందుమూలముగా అంగీకరిస్తున్నాను.' కింద సునంద సంతకానికి గీత గీసి మరీ ఉంచాను.

గడువు మీరింది గనుక, కారు చూసి ఫోటోలు తీస్తే తప్ప కొత్త పాలసీ రాదని ఓబులేసు తన ఆఫీసు ముందుకు రమ్మన్నాడు. పక్కనే మస్తాన్ టింకరింగ్ షెడ్డు. గుద్దుకున్న బండ్లకు సొట్టలు తీసే చోటు. సునంద కారు తెచ్చింది. నేను పత్రం ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"నీ బోనస్ నువ్వు తీసుకో. నాకేం వద్దు. దీని మీద మాత్రం సంతకం పెట్టను."

"కారణం?"

"అబద్ధం కాబట్టి."

"అబద్ధమా! ఐదేళ్లలో ఒక్క క్లెయిమ్ లేదు. క్లెయిమ్ లేదంటే ప్రమాదం లేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?"

ఓబులేసు దగ్గాడు. "ఎండ శానా ఉండాది సార్. ఫోటోలు తీసుకోని పోదామప్పా."

నేను సంచిలోంచి అయస్కాంతం తీశాను. అవును, తెచ్చుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడి గురించి మీరు విని ఉంటారు. తూకం వేయించడానికి త్రాసు కూడా వెంట తెచ్చినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నారు. కారు రేకు ఇనుము, కనుక అయస్కాంతం అంటుకుంటుంది. సొట్ట పడ్డచోట లప్పం పూసి రంగు వేసి ఉంటే అంటుకోదు. బానెట్ మీద పెట్టాను. అంటుకుంది. "చూశావా?" అన్నాను విజయగర్వంతో. ఎడమ తలుపు మీద పెట్టాను.

జారి కింద పడింది.

తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. డిక్కీ మీద పెట్టాను. పడింది. ముందు చక్రం పైనున్న రేకు మీద పెట్టినా పడింది. శాస్త్రజ్ఞుడు ఇలాంటప్పుడు ఫలితాన్ని రాసుకుని ఆలోచిస్తాడు. నేను అరిచాను.

"సునందా! నేను నీటి నమూనాల కోసం ఆఫీసు జీపులో క్యాంపులకు పోయినప్పుడు కారును గుద్దుకుని, నా దగ్గర దాచావన్నమాట!"

ఆ అరుపుకు షెడ్డు లోంచి మస్తాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం సార్, నా పనితనానికి పరీక్ష పెడ్తాండావు?"

"మస్తానన్నా, నువ్వు లోపలికి పో," అంది సునంద గబగబా.

"పోవద్దు! సాక్షి కావాలి. ఎవరు గుద్దారో చెప్పు," అన్నాను నేను. గొయ్యి తీసినవాడు అందులోనే పడతాడంటారు; నేను లోతు కూడా కొలిపించుకుంటున్నాను.

మస్తాన్ సునంద వైపు చూశాడు. "ఆయప్పే చెప్పమంటాండాడు కదక్కా." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ తలుపు, గోరంట్లలో కల్యాణమంటపం స్తంభానికి. ఈ డిక్కీ, కుందుర్పిలో బోరు లారీకి. కొబ్బరికాయాయప్పతో కొట్లాడుకుంటా ఎనక్కి తీస్తివంట. ఆ చక్రం మీదిది మీ ఆఫీసు గేటుకే."

"ఎవరు?"

"నువ్వే సార్."

అన్నీ గుర్తొచ్చాయి. ప్రతిసారీ "టక్" మని శబ్దం రావడం, "ఏమైంది?" అని నేను అడగడం, సునంద దిగి చూసి "ఏం కాల్యా, గీత పడినాది, తుడిస్తే పోతాది" అనడం. వానను కూడా కొలవనిదే నమ్మని నేను, ఆ మాటను మూడుసార్లు దిగి చూడకుండా నమ్మాను. నాకు అనుకూలమైన మాటకు నా ప్రయోగశాల ఎప్పుడూ సెలవే. నేను క్యాంపుకు వెళ్లగానే ఆమె కారును మస్తాన్ దగ్గరకు తెచ్చేదట.

"క్లెయిమ్ ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

"పెడితే బోనస్ పోతాది కదా. అది పోతే నువ్వు ఏం చెప్పుకుంటావు? పెండ్లికి పోయినా తద్దినానికి పోయినా 'నా కారుకు ఒక్క క్లెయిమ్ లేదు' అంటాంటివి. అట్లంటాన్నెప్పుడు నీ మొగం సూస్తే, పోన్లే అనిపిస్తాండె."

అయస్కాంతాన్ని సంచిలో వేసుకుని, "ఈ బోనస్ నీదే సునందా, నీకే రాసిస్తాను," అన్నాను.

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు సార్. మూడు జాబులు రాసి, ముద్ర ఏయించి, నువ్వే కదా ఖాయం చేసుకున్యావు."

"వద్దులే," అంది సునంద. "నేను సున్నా నుంచే మొదలుపెడతా. నాకు గుద్దే అలవాటు ల్యా."

ఫోటోలు తీసి, కొత్త పాలసీ వచ్చాక ఆమె కారెక్కింది. మొహం తిప్పుకుంటుందనుకున్నాను. అద్దం దించి, "ఎనక ఎవరన్నా ఉండారేమో సూడప్పా," అంది. వెనక్కి వెళ్లి, కుడివైపూ ఎడమవైపూ, కారు కింద కూడా వంగి చూసి, "ఎవరూ లేరు" అన్నాను. ఆమె తలూపి, అయినా అద్దంలో తాను ఒకసారి చూసుకుని, అప్పుడు వెనక్కి తీసింది. శాస్త్రీయ దృక్పథమంటే అదీ.

నా బోనస్ పత్రం బీరువాలోనే పసుపు రంగుకు తిరిగి గడువు తీరిపోయింది. దాన్ని వాడుకుని కారు కొనే ముఖం నాకు లేకపోయింది. కనుక పంచభూతాల సాక్షిగా, వాటిలో నీరు ప్రయోగశాలలో పరీక్షించినదే అని మనవి చేస్తూ, ప్రమాణం చేస్తున్నాను: నా గురించి మంచిగా చెప్పే ఏ కాగితాన్నీ, దాని వెనక ఎవరు లప్పం పూశారో కనుక్కోకుండా, ఈ జన్మలో నమ్మను.