తౌనో ఇంటి కప్పుకు బట్టతల

మా వీధిలో చలికాలం వచ్చిందంటే మనుషుల ముఖాలు చూసేదెవరు? ఇళ్ళ కప్పులే చూస్తాం. కప్పు మీద మంచు మందంగా పేరుకుని కదలకుండా ఉంటే ఆ ఇంటి వేడి ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. ఎక్కడైనా కరిగి పెంకులు బయటపడ్డాయా, ఆ ఇంటాయన ఆకాశాన్ని కాగబెడుతున్నాడని వీధంతా నవ్వుకుంటుంది. ఆ నవ్వేవాళ్ళలో అందరికంటే ముందుండేవాడు మా ఎదురింటి తౌనో.

మా ఊరి రాగి గనులు మూతబడ్డాక తౌనో వడ్రంగంలోకి దిగాడు. మా ఊరున్న హాంకాక్ కొండ మీద సగం ఇళ్ళకు కప్పులు వేసింది అతనే. డెబ్బై దాటాక కూడా పార భుజాన వేసుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి మన కప్పెక్కేసేవాడు. మంచు కిందికి తోసి, కాఫీ తాగి, యాలకుల రొట్టె తిని, పోతూ పోతూ నాలుగు చీవాట్లు పెట్టేవాడు.

"కప్పుకు చిల్లు పెట్టడమంటే మంచును కాఫీకి పిలవడమే సైమా," అనేవాడు కప్పులోంచి పైకొచ్చిన నా పొగగొట్టం వంక చూసి. "నా ఇంటి కప్పుకు ఒక్క చిల్లుంటే చూపించు!"

నిజమే. అతని పొగగొట్టం గోడ బయటి నుంచే పోతుంది. పెద్దాయన కదా అని ఊరుకునేదాన్ని. ఊరుకోవడం నా ఒంటికి పడదనుకోండి, అది వేరే సంగతి.

అతని భార్య హిల్యాకు మోకాళ్ళ నొప్పులు. శనివారం సాయంత్రం సౌనాలో, అదే మా ఆవిరిగదిలో, ఒళ్ళంతా ఆవిరి పట్టి కూర్చుంటే తప్ప, వారమంతా ఆ కాళ్ళు ఆమె మాట వినవు. పాత సౌనా పెరటి పల్లంలో ఉంది. మంచులో అంతదూరం నడవలేకపోతోందని, మొన్న చలికాలానికి ముందు తౌనో వంటింటి పక్కనే కొత్తది కట్టాడు. దేవదారు బల్లలు, కరెంటు పొయ్యి, వీపు తట్టుకోవడానికి బర్చ్ చెట్టు ఆకుల కట్టలు, అంతా ముచ్చటగా ఉంది. ఆవిరి గొట్టం ఎక్కడికి వదిలావయ్యా అని అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే ఎంత బావుండేది!

జనవరిలో మొదలైంది. తౌనో ఇంటి కప్పు నడినెత్తిన మంచు కరిగి గుండ్రంగా బట్టతల తేలింది. కరిగిన నీళ్ళు చూరు దాకా జారి, అక్కడి చలికి గడ్డకట్టి గట్టులా నిలబడ్డాయి. గట్టు వెనక ఆగిన నీళ్ళు ఎటు పోతాయి? పెంకుల కిందికి దూరి, హిల్యా వంటింట్లో కాఫీ బల్ల మీద టపటపా కారసాగాయి.

"ఏం తౌనో, నీ కప్పు బోడిదైంది?" అన్నాను.

"ఎండకులే."

"జనవరిలో మన ఊళ్ళో ఎండా? ఆ సూర్యుడెక్కడున్నాడో నాకూ చూపించు, బట్టలారేసుకుంటాను!"

గొడ్డలి పట్టుకుని నిచ్చెనెక్కి చూరు మీది గడ్డను నరకడం మొదలుపెట్టాడు. గడ్డతోపాటు పెంకులూ ఊడిపడ్డాయి. శనివారం సౌనా, ఆదివారం కారుడు, సోమవారం గొడ్డలి. కింద హిల్యా ఆ మోకాళ్ళతోనే నిచ్చెన పట్టుకుని నిలబడేది.

నాకు ఒళ్ళు మండింది. హిల్యా కాఫీ పెడుతుండగా తౌనోను రెక్క పట్టుకుని అటక మీదికి లాక్కెళ్ళాను. అటకంతా తడి. కప్పుకు కొట్టిన మేకుల మొనల నుంచి చుక్కలు రాలుతున్నాయి. సౌనా గొట్టం అక్కడే నోరు తెరుచుకుని ఉంది. కప్పుకు చిల్లు పెట్టకూడదని ఈ మహానుభావుడు ఆవిరినంతా అటకలోకే వదిలేశాడు!

ఏకిపారేద్దామని నోరు తెరిచాను. అతను దూలం మీద కూలబడిపోయాడు.

"హిల్యాకు చెప్పకు సైమా, నీకు దణ్ణం పెడతాను. తెలిస్తే సౌనా మానేస్తుంది. ఇల్లు పాడైపోతుంటే నా కాళ్ళదేముందిలే అంటుంది. దాని సంగతి నాకు తెలీదా?"

"అయితే గొట్టం బయటికి పెట్టి చావు!"

"గోడ వైపు మంచు చూరు దాకా ఉంది. ఇక మిగిలింది కప్పే."

"కప్పే కొయ్యి!"

"వీధంతటికీ ఇన్నేళ్ళు నీతులు చెప్పి, ఇప్పుడు నా కప్పు నేనే కోసుకోమంటావా? మంచు కరిగేదాకా గొడ్డలితో ఎలాగో నెట్టుకొస్తాలే."

నెట్టుకొచ్చాడు పాపం, మళ్ళీ సోమవారం దాకా. నిచ్చెన జారి మంచుకుప్పలో నడుం దాకా దిగబడ్డాడు. టోపీ ఒకవైపు, గొడ్డలి ఒకవైపు. నాకు నవ్వాగలేదు, దెబ్బ తగల్లేదని తెలిశాకే లెండి. హిల్యా మాత్రం నవ్వలేదు. లోపలికెళ్ళి సౌనా పొయ్యికి కరెంటే తీసేసి వచ్చింది.

"నాకు ముక్కు లేదనుకున్నావా ఏమయ్యా? కారే నీళ్ళు ఆకుల వాసన కొడుతుంటే ఆమాత్రం తెలీదా? ఇక సౌనా వద్దు, ఏమీ వద్దు. నా కాళ్ళు పట్టేస్తే పట్టేశాయి. నీకేమైనా అయితే నేనెలా బతకను?"

తౌనో ఎంత బతిమాలినా వినలేదు. ఆ శనివారం పొయ్యి వెలగలేదు. వంటిల్లు పొడిగా ఉంది గానీ, హిల్యా కుర్చీలోంచి లేవలేకపోయింది. బల్ల పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయి, ఏమీ కానట్టు రొట్టె కోయసాగింది. తౌనో టోపీ పెట్టుకుని బయటికెళ్ళిపోయాడు.

మర్నాడు వీధంతా చర్చి నుంచి తిరిగొచ్చే వేళకు, నడుముకు తాడు కట్టుకుని కప్పు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో రంపం! పని ముట్టకూడని ఆదివారం పూట పని, అదీ అందరి కళ్ళెదుట.

"ఏం తౌనో, నీ కప్పుకూ చిల్లు పడిందే!" అని మూలింటి ఆల్బిన్ కింది నుంచి అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

తౌనో రంపం ఆపాడు. ముఖం జేవురించింది. ఏ బూతో తిడతాడనుకున్నాను.

"పడలేదురా, నేనే పెట్టాను," అన్నాడు. "మా హిల్యా నడవొద్దూ?"

వంటింటి కిటికీ తెరుచుకుంది. హిల్యా కళ్ళు తుడుచుకుంటూ తల బయటికి పెట్టింది.

"ఆ కోసేదేదో వంకర పోకుండా కొయ్యి," అంది. "అయ్యాక లోపలికి రా. శనివారం కాకపోతేనేం, సౌనా పొయ్యి వేస్తున్నాను."