మూడు మోటార్లు, ఒక నాటుకోడి గుడ్డు

1979 ఏప్రిల్. అరకు సంతవీధిలో నాకు మైక్ సెట్, బ్యాటరీ చార్జింగ్ దుకాణం ఉండేది. పెళ్లిపాటలు, చావుభజనలు, ఎన్నికల అబద్ధాలు, అన్నీ నా గొట్టంలోంచే లోయకు వినిపించేవి. చదువంటారా, ఐదో తరగతిలో బడికీ నాకూ పొసగక విడిపోయాం. తప్పు బడిదేనని ఇప్పటికీ అంటాను. ఇన్నేళ్ల వృత్తిలో రకరకాల పనులు చేశాను గాని, ఆకాశంలోకి గుడ్డు పంపే పని ఒక్కసారే తగిలింది.

ఆ పని తెచ్చినవారు జోసెఫ్ మేస్టారు. లోయ అవతల కొండ కింది మిషన్ బడిలో సైన్సు చెప్పేవారు. బడి చూడటానికి వచ్చిన విదేశీ అతిథి ఎవరో వెళ్తూ వెళ్తూ పిల్లలకు ఒక అట్టపెట్టె ఇచ్చి వెళ్లారట. అందులో మోడల్ రాకెట్ కిట్. మూరెడు పైచిలుకు అట్టగొట్టం, బెండులాంటి తేలిక చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, ఎర్రటి పారాచూట్. అడుగున పక్కపక్కనే మూడు మోటార్లు, విడిగా ఇంకో రెండు. మోటారంటే గిర్రున తిరిగేదనుకునేరు, కాదు. మందు కూరిన అట్టగొట్టం, చుట్టకంటే కాస్త లావు. అంటుకుంటే రాకెట్‌ను ఎగదన్నుతుంది. కాసేపాగి లోపలి వైపు ఒక్కసారి పేలి, ముక్కును ఊడదోసి పారాచూట్‌ను బయటికి నెడుతుంది.

"మూడూ ఒకేసారి అంటుకోవాలి అప్పన్నా. నీ బ్యాటరీ కావాలి," అన్నారు మేస్టారు.

"మా ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారండీ. ఒకేసారి లేవడం ఇంతవరకూ చూళ్లేదు."

"వాళ్లకి కరెంటు పెట్టి చూడలేదుగా!"

నాతో వేళాకోళమాడి గెలిచినవాళ్లు తక్కువ. ఆయన కోసం ఒప్పుకున్నాను.

రాకెట్‌ను అతికించింది బుద్రి అనే ఏడో తరగతి పిల్ల. జిగురు ఆరేదాకా పక్కనున్నవాళ్లను తుమ్మనివ్వలేదట. ఆ బడి ఏడుతో సరి. ఎనిమిదో తరగతికి పాడేరు హాస్టల్‌కు వెళ్లాలి. వాళ్ల నాన్న డొంబు ససేమిరా అంటున్నాడు. అడవి కాల్చి పోడు కొట్టడానికి ఇంట్లో మనిషి కావాలని అతని మాట.

బడి మైదానంలో మొదటిసారి ఎగరేసిన రోజు డొంబు కూడా వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రతి మోటారు అడుగునా ఇగ్నైటర్ పెట్టాను. అది మందు పూసిన సన్నటి తీగ. కరెంటు పోతే ఎర్రగా కాలి మోటారును అంటిస్తుంది. నేను పెళ్లిపందిళ్లకు సీరియల్ బల్బులు కట్టేవాణ్ణి కదా, చెయ్యి అలవాటు కొద్దీ ఈ మూడింటినీ అలాగే ఒకదాని తోక ఇంకోదానికి ముడేశాను. సీరియల్ సెట్‌లో ఒక బల్బు మాడితే మాల మొత్తం ఆరిపోతుంది. ఇక్కడా అదే అయింది. మొదటి తీగ కాలి తెగిపోయింది, మిగతా రెండూ రాజుకునేలోపే కరెంటు ఆగిపోయింది. ఒక్క మోటారుతో రాకెట్ ఇంటి చూరు ఎత్తుకు లేచి, ఆలోచించుకుని, పక్కనున్న పెంటకుప్పలో తలదూర్చింది.

"ఏటి మేస్టారూ, ఎగిరినాదా, పడుకున్నాదా?" అన్నాడు డొంబు.

అందరం నవ్వాం. బుద్రి నవ్వలేదు. విరిగిన రెక్కను ఏరుకుని నేరుగా తండ్రి ముందుకు వెళ్లింది.

"అయ్యా, ఇది గుడ్డట్టుకుని మబ్బుల్లోకెల్లి, పగలకుండా తెచ్చినాదనుకో. నన్ను పాడేరు పంపుతావా?"

డొంబు గడ్డం గోక్కున్నాడు. "ఇటుకల పండగనాడు ఊరందరి ముందర ఎగరెయ్యి. గుడ్డు పగలకపోతే ఎల్లు. పగిలినాదా, పోడుకి రా. మరి మాటనేదు."

అంటుకోని రెండూ, విడిగా ఉన్న రెండూ కలిపి మా దగ్గర మిగిలినవి నాలుగు మోటార్లు. అంటే ఒక్క అవకాశం.

ఇటుకల పండుగ తెలియనివాళ్లకు చెబుతాను. చైత్రంలో ఊళ్లో మగవాళ్లంతా విల్లంబులతో వేటకు వెళ్తారు. జంతువుతో తిరిగొస్తే దండలు, ధింసా ఆట. ఉత్తచేతులతో వస్తే ఊరి మొదట్లో ఆడవాళ్లు కుండలతో కాచుకుని ఉంటారు. కుండల్లో ఉండేది పేడనీళ్లు.

నేను బ్యాటరీ మోసుకుంటూ వాళ్ల ఊరు చేరేసరికి వేటగాళ్లు అప్పుడే దిగారు. కుందేలు కూడా దొరకలేదు. ఆడవాళ్లు మొహమాటపడలేదు. డొంబు నెత్తినుంచి కాళ్లదాకా పచ్చగా తడిసి నిలబడి ఉన్నాడు.

ఒక ముసలమ్మ నన్ను చూసింది. "ఓరి మైకోడా! నీ జువ్వ ఉత్తినే వచ్చినాదంటే నీకూ ఉంచినాం ఒక కుండ."

"చన్నీళ్లు పడవే అప్పా నాకు. కాస్త కాచి ఉంచు," అన్నాను. అన్నాను గాని, నా భయం కుండ గురించి కాదు. తడిస్తే నేను ఊరి పక్క గెడ్డవాగులో మునిగి శుభ్రపడతాను. ఆ పిల్ల పోడు మసిలోంచి బయటికి రాదు.

ఈసారి పేరలల్‌లో కలిపాను. అంటే ఏ ఇగ్నైటర్ దారి దానిదే. ప్రతిదాని రెండు కొసలూ సొంతంగా బ్యాటరీకి వెళ్తాయి, ఒకటి తెగినా ఇంకోదానికి నష్టం లేదు. మూడింటి ఒక్కో కొసనూ ఒకే కాలింగ్‌బెల్ స్విచ్ మీదుగా తిప్పాను. పేలుడు వేడికి పారాచూట్ కాలకుండా అడ్డు పెట్టే కాగితం పెంటకుప్పలోనే నానిపోయింది. విరిగిన రెక్కను మళ్లీ అతికించిన బుద్రి, కాగితం బదులు పచ్చి అడ్డాకులు చుట్టి గొట్టంలో కూరింది. విస్తరాకు రాకెట్‌లోకి వెళ్లడం చూసి మేస్టారు ఇంకో ఆకు అందించారు. నాటుకోడి గుడ్డును బూరుగుదూదిలో పొదిగి ముక్కులో పెట్టారు.

పిల్లలు పది నుంచి వెనక్కి లెక్కపెట్టారు. నేను బెల్లు నొక్కాను.

మూడూ లేచాయి. సర్రుమన్న చప్పుడు ముందు, పొగ తర్వాత, మా నోళ్లు తెరుచుకోవడం ఆఖర్న. చూస్తుండగానే అది చీమంతై మాయమైంది. మీద ఎక్కడో టప్‌మంది. నీలాకాశంలో ఎర్రటి పువ్వు విచ్చుకుంది. మేస్టారు నన్ను పట్టుకుని గంతులేశారు.

అంతలో గాలి మళ్లింది. పారాచూట్ పొలాలు దాటి గెడ్డ వైపు కొట్టుకుపోతోంది. అక్కడ నేలంటూ లేదు, అంతా నల్లటి బండలు. వేటగాళ్లందరూ అరుచుకుంటూ పరుగెత్తారు, వెనకే మేమూ. అందరికంటే ముందు డొంబు. నా ప్రాణం ఉసూరుమంది. అది బండ మీద పడితే గెలుపు అతనిది. పక్కన నిలబడి చూస్తే చాలు, వేలు కూడా కదపక్కర్లేదు.

డొంబు మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు. భుజం మీది తడిగుడ్డ తీసి రెండు చేతుల మధ్య జోలెలా పట్టాడు. మేం ఇంకా ఆకాశంలోకి చూస్తుంటే, అతను గాలిని చూసి నాలుగడుగులు పక్కకు జరిగాడు. రాకెట్ వచ్చి ఆ జోలెలో పడింది.

గుడ్డు బయటికి తీశారు. గీత కూడా లేదు.

ముసలమ్మ ఒప్పుకోలేదు. "నువ్వట్టుకున్నావు గనక సరిపోయినాది! బండమీద పడితే పగిలిపోయీది. ఇది పందెం కాదురా డొంబూ."

డొంబు ఒంటినుంచి పేడనీళ్లు కారుతూనే ఉన్నాయి. గుడ్డును అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. "అడివంతా తిరిగి ఏటీ తేనేదని తడిపినారు కదా. ఇదిగో, ఇది తెచ్చినాను. నా యేట. నా గుంటకి ఇచ్చుకుంతాను. ఎవులడుగుతారు?"

బుద్రి రెండు చేతులూ చాపి తీసుకుంది. ముసలమ్మకు మాత్రం మిగిలిన కుండను ఏం చేయాలో తోచలేదు. "మరి నువ్వేటి తెచ్చినావురా మైకోడా?" అని నా మీద బోర్లించింది. బ్యాటరీ తెచ్చానని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

బడులు తెరిచాక తండ్రీకూతుళ్లు పాడేరు బస్సు కోసం నా దుకాణం ముందే నిలబడ్డారు. ట్రంకుపెట్టెను డొంబే టాపు మీదికి ఎక్కించి, కట్టిన తాడు విప్పి మళ్లీ కట్టాడు. కండక్టర్ తిట్టినా బేగి దిగలేదు.

వైరింగులో నా పొరపాటు ఒక్కపూటలో దిద్దుకున్నాను. మనుషుల దగ్గర దిద్దుకోవడానికి ఇంకాస్త పట్టింది. కాదన్న మనిషిని చూడగానే వీడు అడ్డం అనుకునేవాణ్ణి. నలుగురిలో ఒకసారి కాదన్నాక, ఔననడానికి అతనికీ ఒక దారి కావాలి. డొంబు తన దారి తనే వెతుక్కున్నాడు, గెడ్డలో దిగి మరీ. ఆ తర్వాత దుకాణానికి వచ్చి ఎవరైనా మొండికేస్తే నేను వాదించడం మానేశాను. స్టూలు లాగి కూర్చోబెట్టి, టీ చెప్పి, వేరే కబుర్లు మొదలుపెట్టేవాణ్ణి. చాలామంది టీ అయ్యేలోపే దారికొచ్చేవాళ్లు. రానివాళ్లకు రెండో టీ.