గడప లేని చిన్న గేటు

మా దర్శిలో జానకిరామయ్య మాస్టారికి ఒకే ఒక్క జబ్బు, కొలవడం. లెక్కల మాస్టారుగా రిటైరై ఆరేళ్లయినా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టేపు ఉంటుంది. పక్కింటివాణ్ణి కనుక ఆ టేపు కొలవని అంగుళం నా ఒంట్లో లేదు.

మాస్టారింటి పెద్ద గేటు మిరపకాయల ట్రాక్టరు కోసం పెట్టించింది. పూర్తిగా తోయాలంటే ఇద్దరు కావాలి; మామూలుగా అందరం ఓరగా ఉన్న సందులోంచే దూరేవాళ్లం. దాని పక్కన మనుషులకో చిన్న గేటు పెట్టాలని ఈ వేసవిలో ఆయనకు బుద్ధి పుట్టింది. ఇంకేముంది, వీధిలో కొలతల జాతర మొదలైంది.

"కాస్త అలా నిలబడవోయ్," అన్నారు, శుభలేఖ ఇవ్వడానికొచ్చిన బాపయ్యతో. భుజాలు కొలిచారు, పక్కకు తిప్పి పొట్ట కొలిచారు. శుభలేఖ పుచ్చుకోవడం మాత్రం మరిచారు. నన్నయితే బియ్యం బస్తాతో ఒకసారి, బస్తా లేకుండా ఒకసారి కొలిచారు.

మేస్త్రీ హయాత్ గోడ కొట్టేసి, మాస్టారి కొలత తేలక మూడు రోజులు గోళ్లు గిల్లుకున్నాడు.

"రెండున్నర అడుగులు పెడితే ఊరంతా పడుతుంది మాస్టారూ."

"మూడడుగుల రెండంగుళాలు పెట్టు. గడప మాత్రం వద్దు."

ఆ మాటకు ఆయన భార్య వెంకాయమ్మగారు గరిటెతో సహా బయటికొచ్చారు. "గడప లేకపోతే శుక్రవారం పసుపు ఎక్కడ రాయను? మీ నెత్తికా?"

ఆవిడ చిరాకుకు అసలు కారణం వేరే. ఎదురింటి జైతున్‌బీ రోజూ మధ్యాహ్నం వచ్చి, ఆవిడతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. తుంటి ఆపరేషనయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తోంది. రెండు నెలలుగా రావడం లేదు.

"నేనొచ్చినప్పుడల్లా గేటు తియ్యడానికి ఇద్దరు పరిగెత్తాలా అక్కా? నాకొద్దు," అందట. తన కోసం ఎవరు ఏ కాస్త శ్రమపడినా ఆమెకు గిట్టదు.

"మనిషి రాక నేనేడుస్తుంటే ఈయనకు టేపు గోల," అని వెంకాయమ్మగారు నా ముందే కళ్లు తుడుచుకున్నారు. నాకు మాస్టారి మీద ఒళ్లు మండింది.

గేటు పూర్తయింది. గడప లేదు, నేలంతా చదును. గడియ మోచేత్తో నెట్టినా తెరుచుకుంటుంది. మాస్టారు టేపు పట్టుకుని ఎదురింటికెళ్లారు.

"వీధిలో అందరినీ కొలిచానమ్మా జైతున్‌బీ. నువ్వొక్కదానివే మిగిలావు. నువ్వొచ్చి నడిస్తేగాని నా లెక్క తేలదు."

లెక్క కోసమే కదా అని ఆమె బయల్దేరింది. వాకర్ ఎక్కడా తగలకుండా గేటు దాటింది. అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఖాళీ. మా భుజాలూ పొట్టలూ ఎందుకు కొలిచారో అప్పటికిగాని నాకు వెలగలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది.

జైతున్‌బీ వరండాలో కూర్చుని ఊపిరి పీల్చుకుంది. "మొన్న మా గుమ్మం ముందు నా వాకర్‌ని మీరు కొలుస్తుంటే కిటికీలోంచి చూశాను మాస్టారూ."

"అదీ... ఖాళీగా ఉంది కదాని," అన్నారాయన, టేపు జేబులో కుక్కుకుంటూ.

"ఇప్పుడు మీరూ ఖాళీయేగా. కూర్చుని తొడిమలు తియ్యండి," అని ఆమె మిరపకాయల చేట ఆయన ముందుకు జరిపింది.

మాస్టారు బుద్ధిగా కూర్చున్నారు. మొదటి కాయ తొడిమ తీసి, దాని పొడవెంతో చూద్దామని జేబులో చెయ్యి పెట్టేసరికి, వెంకాయమ్మగారు టేపు లాక్కుని బొడ్లో దోపుకున్నారు.