ఒక్క బొంత తప్ప

నా చేతులకు ఊరికే ఉండటం రాదు. ప్రార్థనకు కూర్చున్నా కొంగు మడుస్తూ విప్పుతూ ఉంటాను. పక్కనున్న ఆమె మోచేత్తో పొడుస్తుంది, అయినా బుద్ధి రాదు. నంద్యాలలో మా ఇంటి వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాక ఆ చేతులకు పని దొరికింది. ఇంట్లో మాత్రం కాలు పెట్టే చోటు లేకుండా పోయింది.

జాకెట్లు కుట్టేవాళ్ల ఇంట్లో ముక్కల సంచి ఉండి తీరుతుంది. చంక దగ్గర తీసిన వంకర ముక్క, మెడ దగ్గర తీసిన గుండ్రటి ముక్క, మిగిలిపోయిన లైనింగు పీలిక, పట్టంచు చివర. ఏదీ దేనికీ చాలదు, ఏదీ పారేయబుద్ధి కాదు. మంచం కింద ఒక సంచి, బీరువా మీద ఒకటి, బియ్యం డబ్బా వెనక ఇంకొకటి. మా ఆయన పనిచేసేది విత్తనాల అంగట్లో. ఆయన తెచ్చే ఖాళీ సంచులన్నీ నా ముక్కలకే సరిపోయేవి.

పోయిన ఎండాకాలంలో ఆళ్లగడ్డ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, మళ్లీ నెల తప్పిందని చెప్పింది. ఆ 'మళ్లీ' గురించి చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. అంతకుముందు ఒకసారి తనకు నెలలు నిండాయి. మా వైపు పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ అమర్చరు. ఉయ్యాల కొనరు, గుడ్డలు కుట్టరు, పేరు కూడా అనుకోరు. పుట్టాకే అన్నీ. మేం చర్చికి పోయేవాళ్లం, శకునాలూ దిష్టీ మాకు లేవని అందరికంటే గట్టిగా వాదించేది నేనే. అందుకని పంతం పట్టి ముందే బొంత కుట్టాను. పాత చీర మడతలు పెట్టి, పైన రంగురంగుల ముక్కలు పేర్చి, అంతటా చేతికుట్లు వేసి, ఆళ్లగడ్డకు తీసుకుపోయి వీధి వీధంతా చూపించాను.

బిడ్డ పుట్టి ఏడవలేదు.

తర్వాత ఒకరోజు వంటింట్లో మా వియ్యపురాలు గిన్నెలు తోముతూ, నా మొహం చూడకుండా అంది. "కడుపులో ఉండంగనే కుట్టుకోని వస్తిరి. అంత తొందర ఏమొచ్చె?"

అంతే. ఇంకో మాట అనలేదు. నోరున్న మనిషిని, మామూలుగా అయితే ఊరుకునేదాన్ని కాదు. ఆ మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది. నమ్మను నమ్మను అనుకుంటూనే నమ్మేశాను.

అందుకే ఈసారి ఫోన్ పెట్టేయగానే దేవుడికి చెప్పుకున్నాను. ఈ బిడ్డ కోసం సూదిలో దారం కూడా ఎక్కించనని. చేతులు కట్టేసుకుంటాను, బిడ్డను మాత్రం చల్లగా చూడు అని.

చేతులు కట్టేసుకోవడం అయ్యే పనేనా? డాక్టరమ్మ మా అమ్మాయిని మంచం దిగొద్దంది, బస్సెక్కొద్దంది. పుట్టింటికి తెచ్చుకునే దారి కూడా పోయింది. తనేమో అక్కడ పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే, నేనిక్కడ ముళ్లమీద కూర్చున్నట్టు ఉండేదాన్ని. ఫోన్ మోగితే గుండె జారేది. మోగకపోతే ఇంకా జారేది. ఏం చెయ్యాలో తెలియక ముక్కల సంచుల మీద పడ్డాను.

మొదట లైనింగు పీలికలన్నీ జడలా అల్లి, చుట్టలు చుట్టి, కాళ్లు తుడుచుకునే పట్టాలు కుట్టాను. మా గడపకు అయ్యాక పక్కింటి గడపకు, ఆ తర్వాత ఎదురింటి గడపకు. పట్టుముక్కలతో మా సంఘంలో ఆడవాళ్లందరి బైబిళ్లకూ జిప్పు పెట్టి సంచులు కుట్టాను. నాలుగు పొరల నూలుముక్కలు కలిపి మసిగుడ్డలు, కళ్లజోడు తొడుగులు, జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు, మిక్సీకి టోపీ, గ్యాసు బండకు లంగా. ఇక దేనికీ పనికిరాని పొడిముక్కలు దట్టంగా కూరి దిండ్లు. క్రిస్మస్‌కు ఇంకా ఎంతో టైమున్నా మూడుమూలల జెండాలు కత్తిరించి చర్చి పొడుగునా కట్టేంత తోరణం కుట్టిపెట్టాను. ఫ్రిజ్జు పిడికి కూడా తొడుగు వేసిన రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మే, రేపు పొద్దన లేసేసరికి నాకు గూడా తొడుగు ఏసి పెడతావా ఏంది?"

"నోటికి ఏస్తా. గమ్మున తిను" అన్నాను.

నవ్వాడు గానీ, ఆయనకూ తెలుసు. కాలుకాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నానో ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

ఒక్కటే కష్టంగా ఉండేది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడు ఒక్కోసారి బాగా మెత్తటి ముక్క తగిలేది. ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత లంగా ముక్కో, పసిపిల్ల గౌనుకు కుట్టగా మిగిలిన పువ్వుల గుడ్డో. చెయ్యి దానంతటదే దాన్ని పక్కన పెట్టబోయేది. నిప్పు తాకినట్టు వదిలేసి, దాన్ని దిండులోకో మసిగుడ్డలోకో తోసేసేదాన్ని. ఎంత మెత్తటి ముక్క దొరికితే అంత కోపం వచ్చేది.

మా పక్కింటి సాయిబుల పెద్దామెను ఖాలా అని పిలుస్తాం, చేత్తో బొంతలు కుట్టి అమ్ముతుంది. ఒకరోజు ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "ఏందమ్మా, ఊరందరికీ కుడతాండావు, నీ కూతురు బిడ్డకు యాడ బొంత? నీకు తీరకపోతే ముక్కలీ, నేను కుట్టి ఇస్తా" అంది.

"నీకెందుకు ఖాలా? నా ఇంటి సంగతి నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో పో!"

ఎంత గట్టిగా అరిచానంటే రోడ్డు మీద పోయే ఆటో మెల్లగా అయింది. ఆమె తిట్టలేదు. "పిచ్చిదానా, భయపడతాండావా" అని లోపలికి పోయింది. నేను మిషను ముందు కూర్చుని ఏడ్చాను.

ఆ మర్నాడే కుట్టినవాటిలో ఇంట్లో మిగిలినవన్నీ రెండు సంచుల్లో కూరి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా సీటు దొరకలేదు. నిలబడి ఒక సంచి కాళ్ల మధ్య, ఒకటి చంకలో పెట్టుకుని, దారి పొడుగునా ఒకటే లెక్క. ఈ నెల గడిస్తే చాలు, ఈ ఒక్క నెల గడిస్తే చాలు. బస్సు గుంతలో పడినప్పుడల్లా కడుపుతో ఉన్నది నేనేనేమో అన్నట్టు కడుపు పట్టుకున్నాను.

మా అమ్మాయి మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. మొహం ఉబ్బింది, కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూడగానే లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టాను. సంచి దగ్గరకు లాక్కుని ఒక్కొక్కటే బయటకు తీసింది.

"ఇదెవురికి మా?"

"మీ అత్తకు. మిక్సీ మింద ఏసుకుంటాదని."

"ఇది?"

"మీ ఆడబిడ్డకు. బైబిలు పెట్టుకునేదానికి."

"ఈ దిండ్లు?"

"నీకే. నడుం కింద పెట్టుకో."

మొదటి సంచి ఖాళీ అయింది. రెండోదీ అయింది. అడుగున చెయ్యి పెట్టి వెతికింది. సంచి తిరగేసి దులిపింది. దారప్పోగులు రాలాయి.

"నా బిడ్డకు?"

నేను కిటికీ వైపు చూశాను. "కుడతాలే. పుట్టనీ ముందు" అన్నాను.

"పుట్టనీ అంటే?"

"పుట్టినాక కుడతా అంటాండా పాపా. దాంట్లో ఏముంది?"

"నాయన ఫోన్లో చెప్పినాడులే, ఫ్రిజ్జుకు కుట్టినావు. గ్యాసుబండకు కుట్టినావు. వీధిలో వాళ్లందరికీ కుట్టినావు." తన గొంతు పైకి లేచింది. "నా బిడ్డకు ఒక్క ముక్క కుట్టలేదంటే ఏందీ అర్థం? ఇది గూడా పోతాదనే గదా? ఈ ఇంట్లో అందురూ అదే అనుకుంటాండారు. నా ముందర బిడ్డ మాటెత్తరు. ఎవురూ ఎప్పుడు పుడతాదని గూడా అడగరు. సచ్చినోళ్లింట్లో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతారు. నువ్వన్నా అట్ల అనుకోవనుకున్యా మా. నువ్వు గూడా అంతే!"

బిడ్డ బతకాలని చేతులు కట్టేసుకున్నాననుకున్నాను. తనకు కనిపించింది వేరు. కన్నతల్లి కూడా ఆశ వదిలేసిందనుకుంది. అన్ని నెలలూ ఆ ఆశను ఆ మంచం మీద తను ఒక్కతే మోసింది.

"అట్ల గాదు పాపా, పోయినసారి..." అని ఆగిపోయాను. గుమ్మంలో మా వియ్యపురాలు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా వినింది.

ఆమె లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడు వినపడింది. నాకు ఒళ్లు మండింది. కోడలు అంతగా ఏడుస్తుంటే పెట్టెలు సర్దుకుంటోంది చూడు అనుకున్నాను. ఆమె ఒక పాత నూలుచీర తెచ్చి మంచం మీద పడేసింది. ఎన్ని ఏళ్లు కట్టిందో, చీర వేళ్ల మధ్య నుంచి నీళ్లలా జారిపోతోంది.

"కుట్టు వదినా" అంది.

"నువ్వే గదా ఆ పొద్దు..."

"అంటి. ఏడుపు ఆపుకోలేక అంటి. ఎవురినో ఒకర్ని అనాల, నువ్వు దొరికితివి." మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. ఆమె గొంతు అంత సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు నా చీర ఏసి కుట్టు. ఏమన్నా అయిందంటే నువ్వు కుట్టినందుకని అనేదానికి నాకు నోరుండదు. నేను చీరిచ్చినందుకు గూడా అయినట్టే గదా. పడితే ఇద్దరం పడదాం."

మా అమ్మాయి ఏడుపు ఆపి అత్తను చూసింది. నేను చీర చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నవన్నీ ఏదో ఒకటిగా కుట్టేశాను.

"ఇవన్నీ ఏంది మల్ల?" అని వియ్యపురాలు మిక్సీ టోపీ తీసుకుని, బ్లేడుతో సర్రున కుట్టు తెంచింది.

ఎన్నో రోజులు కూర్చుని కుట్టినవన్నీ కూర్చుని విప్పాం. మసిగుడ్డలు విప్పాం, దిండ్ల గలీబులు విప్పాం, దిండ్లలోకి కూరిన మెత్తటి ముక్కల్ని పొడిలోంచి ఏరాం. గది నిండా దూగర లేచి ముగ్గురం తుమ్ముతున్నాం. మా అమ్మాయి పడుకునే ముక్కలు పేర్చుతూ పెత్తనం చేసింది. ఆ పచ్చది వద్దంది, ఈ పువ్వులది నడిమధ్యకు రావాలంది, అత్త పెట్టిన ముక్క తీసి పారేసింది. అత్త గొణిగింది. "నీ కూతురు నీకంటే మొండిది వదినా" అంది నాతో. చాలా రోజుల తర్వాత మా అమ్మాయి పళ్లు కనిపించేలా నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నాకు భయమే వేసింది. మేం ఇంత సంతోషపడితే ఎట్లా అని.

నేను నంద్యాలకు తిరిగి పోలేదు. చుట్టుపక్కల ఎవరి జాకెట్లు ఎక్కడ ఆగాయో, మా ఆయన ఎవరికేం సర్దిచెప్పాడో నాకు తెలియదు. పొద్దస్తమానం బొంతకు కుట్లు వేశాను. ఇంకా అంచు ఒకవైపు మడవాల్సి ఉందనగా, చెప్పిన రోజు కంటే ముందే తనకు నొప్పులొచ్చాయి.

ఆసుపత్రిలో తనను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. పొద్దున్నే కరెంటు పోయి జనరేటరు ఒకటే మోత, లోపల ఏం జరుగుతోందో ఒక్క చప్పుడు వినపడదు. మా అల్లుడు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేనూ వియ్యపురాలూ బల్లమీద కూర్చున్నాం. బొంత మా ఇద్దరి ఒళ్లో ఉంది. దారం తెంపకుండా తెచ్చాను, అంచు మడుద్దామని. ఒక్క కుట్టు కూడా పడలేదు. ప్రార్థన మొదలుపెట్టి యేసయ్యా, యేసయ్యా అంటూ ఉండిపోయాను.

తలుపు కొంచెం తెరుచుకుంది. నర్సమ్మ చెయ్యి బయటకు చాపింది.

"గుడ్డ ఇయ్యండి మా."

ఇద్దరం లేచాం. బొంత ఆ కొస వియ్యపురాలి చేతిలో, ఈ కొస నా చేతిలో. పోయినసారి కూడా ఇట్లాగే గుడ్డ అడిగారు. గుడ్డ అడిగినంత మాత్రాన ఏమీ తెలియదు. ఉన్న బిడ్డకూ గుడ్డ కావాలి, పోయిన బిడ్డకూ కావాలి. ఎట్లా ఉందని అడగడానికి నాకు నోరు రాలేదు, ఆమెకూ రాలేదు. నర్సమ్మ లాగుతోంది. మేమిద్దరం వదలడం లేదు.

నర్సమ్మకు విసుగొచ్చింది.

"ఏందమ్మా, ఇస్తారా ఇయ్యరా? లోపల బిడ్డ చలికి వణుకుతాంది!"